రేవుకి టిక్కెట్టు పెట్టొచ్చా? మన ఊరి సాయంత్రాల మీద చర్చ

గట్టు దిగువ ఇల్లు
ఆదివారం, రాత్రి 9:10

మొన్న పంచాయతీ ఆఫీసు దగ్గర విన్న మాట ఇది. 2027 పుష్కరాలకి రేవు మెట్లు బాగుచేస్తారు కదా, ఆ పనితో పాటు పాత పంటు రేవునీ (పంటంటే మనుషుల్ని ఏరు దాటించే పెద్ద పడవ), దాని ఎగువన రెండు ఫర్లాంగుల ఏటిగట్టునీ ఒక బోటింగు కాంట్రాక్టరుకి లీజుకి ఇద్దామని ఆలోచన చేస్తున్నారు. చుట్టూ కంచె, గేటు, మనిషికి 30 రూపాయల టిక్కెట్టు. లోపల స్పీడు బోట్లు, తినుబండారాల కొట్లు, ఫోటోలు దిగడానికి రంగు దీపాలు. కాగితం ఇంకా కదల్లేదు. వచ్చే గ్రామసభలో పెడతారట. అంతకు ముందే మనలో మనం మాట్లాడుకుంటే మంచిదని ఇక్కడ రాస్తున్నాను.

నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

పంటు తిరిగిన రోజులు నలభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. బస్సు దిగి రేవుకొచ్చేసరికి పంటు ఎప్పుడూ అవతలి ఒడ్డునే ఉండేది. అది తిరిగొచ్చేదాకా అరగంట. డాక్టరు గారైనా, కొబ్బరి దింపే మనిషైనా ఆ అరగంట మెట్ల మీద కూచోవలసిందే. వేరుశనక్కాయలు, వేసవైతే ముంజెలు, సంక్రాంతి ముందైతే తేగలు. మా మేనత్త పెళ్ళి సంబంధం ఆ మెట్ల మీదే కుదిరింది. తీరిక అని మేం ప్రత్యేకంగా వెతుక్కున్నది లేదు. పంటు అవతల ఉన్నంతసేపూ ఇవతల అందరికీ తీరికే. వంతెన పడ్డాక ఆ ఎదురుచూపు పోయింది కానీ మెట్లకి అలవాటు పడ్డ మనుషులు మానలేదు. ఇప్పటికీ సాయంత్రం ఐదయితే గేలాలేసే కుర్రాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో వచ్చే పెద్దవాళ్ళు, లంకల వైపు చూస్తూ కూచునే ఒంటరి మనుషులు కనిపిస్తారు. వాళ్ళలో ఎంతమంది రోజుకి 30 రూపాయలు పెట్టగలరు?

కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటకి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ గుడి లేదు, గేటు లేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల పదకొండు ప్రభలూ భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు వాళ్ళు ప్రభని కౌశికలో దింపి, నీళ్ళలో నడుస్తూ దాటిస్తారు. 2023 లో ఢిల్లీ రిపబ్లిక్ పెరేడ్‌కి మన రాష్ట్రం శకటంగా పంపింది ఆ వేడుకనే. మోసేవాళ్ళూ చూసేవాళ్ళూ ఒక ఊరి మనుషులే కాబట్టి అది అలా నిలబడింది. రేవు కూడా అలాంటిదే, అందరిదీ, ఉచితంగానే ఉండాలి అని నా నమ్మకం.

సెలవుకొచ్చినవాడు
ఆదివారం, రాత్రి 10:02

అన్నా, ఆ అరగంట నేను చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికే వంతెన ఉంది. నేను చూసిన రేవు గురించి చెప్తాను, కోప్పడకండి.

చీకటి పడ్డాక మూడో మెట్టు దాటి దిగితే కాళ్ళకి గాజు పెంకులు. మర్రిచెట్టు కింద పేకాట. ఉన్న ఒక్క దీపం ఎప్పుడు వెలుగుతుందో తెలీదు. మా చెల్లి ఇంటర్ చదివే రెండేళ్ళలో ఒక్కసారి కూడా రేవులో కూచోలేదు. అందరిదీ అన్నాం, అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

మా జట్టు ఏడుగురం. ఆదివారం వస్తే ఎక్కడికి పోవాలి? సినిమా హాలు మూసి కల్యాణ మండపం చేశారు. హైస్కూలు గ్రౌండులో వానాకాలమంతా నీళ్ళు. బండ్లేసుకుని యానాం పోతాం. అక్కడ గౌతమి ఒడ్డున రోడ్డు ఎంత శుభ్రంగా ఉంటుందో, ఇంటిల్లిపాదీ వచ్చి ఎలా కూచుంటారో చూడండి. మనం కూచునేది కూడా గోదారి పాయ పక్కనే కదా, వశిష్ట ఏం తక్కువ చేసింది? దిండిలో హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి. ఆత్రేయపురంలో 2025 సంక్రాంతికి కాలవలో పడవ పోటీలు పెడితే రోడ్డంతా జనమే. రాజమండ్రిలో 1900 లో కట్టి 1997 లో రైళ్ళు ఆపేసిన హేవలాక్ వంతెనని కూడా వదలకుండా అఖండ గోదావరి పథకంలో కలిపారు, 94 కోట్ల పైచిలుకు పెట్టి. మనకి కోట్లు రావు. కాంట్రాక్టరు వస్తానంటున్నాడు. పదిమంది కుర్రాళ్ళకి పని దొరుకుతుంది. బోటు నడిపేవాడు, టిక్కెట్టు చింపేవాడు, టీ కొట్టు పెట్టేవాడు మన ఊరివాడే అవుతాడు. నేను హైదరాబాదులో అద్దె కట్టుకుంటూ ఎందుకుండాలి?

బజ్జీల బండి
ఆదివారం, రాత్రి 10:15

లోపల కొట్లు అన్నారు. బయట బండి ఉండనిస్తారా లేదా, అది చెప్పండి ముందు. పదిహేనేళ్ళుగా అక్కడే ముంత మసాలా అమ్ముతున్నాం.

విశ్రాంత లస్కరు
సోమవారం, ఉదయం 6:30

నా మనవరాలు టైపు చేస్తోంది, మాటలు నావి. ముప్పై నాలుగేళ్ళు లస్కరుగా, అంటే కాలవలూ గట్లూ కనిపెట్టుకుని ఉండే పనిలో చేశాను. కాలవ మీద సగం, ఏటిగట్టు మీద సగం.

బాబూ, ఏటిగట్టు సంగతి ఎవరూ మాట్లాడలేదు గనక చెప్తున్నా. గట్టంటే మట్టి. లోపల రాయి లేదు, సిమెంటు లేదు. రివిట్‌మెంటు రాళ్ళు ఏటివైపు ముఖానికి మాత్రమే. కంచెకి స్తంభం పాతాలన్నా, కొట్టుకి పునాది తియ్యాలన్నా గట్టుని తవ్వాలి. తవ్విన చోట మట్టి మళ్ళీ పాత మట్టితో అతకదు. వరదలో నీరు ఆ సందునే వెతుక్కుంటుంది. ఎలక బొరియ ఒకటి చాలు, అవతల పొలంలో బుగ్గలా నీరు లేస్తుంది. ఆ బుగ్గ చుట్టూ రాత్రికి రాత్రి ఇసక బస్తాలు పేర్చిన చేతులివి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అక్కడ 10 లక్షలకి మొదటి హెచ్చరిక, 13 కి రెండోది, 17 కి మూడోది. మూడోది దాటాక ఎంత ఎక్కువ వచ్చిందో మీరే లెక్కేసుకోండి. ఆ నీళ్ళకీ మన ఇళ్ళకీ మధ్య ఉన్నది ఈ మట్టే.

రెండోది. గట్టు జలవనరుల శాఖది. పంచాయతీ దాన్ని లీజుకెలా ఇస్తుంది? రేవు మెట్ల సంగతి వేరు, అది ఊరిది అనుకోవచ్చు.

మూడోది. స్పీడు బోటు ఎన్నాళ్ళు తిరుగుతుంది? జులైలో ఎర్రనీరు దిగుతుంది. అక్టోబరు దాకా ఏరు ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. ఆ నాలుగు నెలలూ కట్టేసుకోవాల్సిందే. సంక్రాంతి దాటాక బ్యారేజీ నుంచి దిగువకి వదిలేది తగ్గుతుంది. అప్పుడు మన దగ్గరున్నది చాలావరకు సముద్రపు పోటు నీరే. వేసవిలో నోట్లో పోసుకుంటే ఉప్పు తెలుస్తుంది. పాటు లాగినప్పుడు, అంటే పోటు నీరు వెనక్కి తగ్గినప్పుడు, ఇసకమేటలు బయటపడతాయి, బోటు అడుగు పట్టేస్తుంది. ఇదంతా లెక్క చూసుకున్న కాంట్రాక్టరైతే ఆరు నెలల సంపాదనతో ఏడాది లీజు ఎలా కడతాడు? నాకు తోచింది ఒకటే. బోట్లు ఆగినా గేటు టిక్కెట్టు ఆగదు. ఆయన అసలు సరుకు మన మెట్లే.

గట్టు దిగువ ఇల్లు
సోమవారం, ఉదయం 7:45

తాతగారూ, చివరి మాట నా కళ్ళు తెరిపించింది. నేను గుండెతో చెప్పినదాన్ని మీరు నీళ్ళ లెక్కతో చెప్పారు. గట్టు ఎవరిదో రాసిన కాగితం ఏదైనా గ్రామసభకి తేగలమా?

మూడో వీధి
సోమవారం, మధ్యాహ్నం 2:20

పొద్దున్నుంచి చదువుతున్నాను. పనులు అయ్యాక రాస్తున్నాను.

అన్నయ్యగారూ, మీ మేనత్త సంబంధం మెట్ల మీద కుదిరిందన్నారు. మాట్లాడుకున్నది మగవాళ్ళే కదా? మీ మేనత్త ఆ మెట్ల మీద ఎన్నిసార్లు ఊరికే కూచున్నారు? బిందెతోనో బట్టలతోనో కాకుండా, ఏ పనీ లేకుండా?

కార్తీకంలో రేవు మాది. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళి, స్నానం చేసి, అరటిదొప్పల్లో దీపాలు వదులుతాం. పోలిస్వర్గం నాడు ఆ దీపాలన్నీ పాటుకి కిందికి జారిపోతుంటే ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది. నవ్వుకుంటాం, పాడుకుంటాం, చలికి వణుకుతాం. ఎవరూ మమ్మల్ని ఎందుకొచ్చారని అడగరు. ఆ ముప్పై రోజులు అయిపోయాక? మిగతా పదకొండు నెలలు మేం గట్టెక్కితే చూసే చూపులే వేరు. మా అత్తగారికి కాలక్షేపమంటే అరుగు మీద లేసు అల్లడం. చేతులు ఆగవు, నోరు మాట్లాడుతుంది. అది కాలక్షేపం అంటారు, దానికి లెక్కగట్టి డబ్బూ ఇస్తారు. పనే అది. వనభోజనాలకి లంకకి వెళ్తాం, అక్కడా వండేది మేమే.

అందుకే గేటు, టిక్కెట్టు అంటే నాకు భయం వెయ్యలేదు. 30 రూపాయలు కట్టి దీపాల వెలుగులో ఒక బల్ల మీద నా కూతురితో గంటసేపు కూచోగలిగితే, తాగినవాణ్ణి బయటికి పంపే మనిషి ఒకడు ఉంటే, ఆడవాళ్ళకి తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉంటే, నేను కడతాను. మీ రేవు ఉచితం అన్నారు. మాకు అది ఎప్పుడూ ఉచితంగా దొరకలేదు.

గట్టు దిగువ ఇల్లు
సోమవారం, సాయంత్రం 5:30

అమ్మా, ఈ మాటకి నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. మా మేనత్తకి ఫోను చేసి అడిగాను. ఊరికే కూచోవడానికి రేవుకి ఎప్పుడైనా వెళ్ళావా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పెళ్ళయి పంటెక్కి అవతలికి వెళ్ళే రోజున సామాను రాలేదని మెట్ల మీద కూచోబెట్టారు, అప్పుడు కూచున్నాను అంది. ఆ ఒక్కసారే.

నేను అందరిదీ అని రాసింది సరి కాదు. దిద్దుకుంటున్నాను. కానీ గేటు మీద నా అభిప్రాయం మారలేదు. తాగినవాణ్ణి పంపెయ్యడం, దీపం వెలిగించడం, మరుగుదొడ్డి కట్టడం, ఇవి ఊరు చెయ్యవలసిన పనులు. ఊరు చెయ్యలేదని ఒక గుత్తేదారు దగ్గర టిక్కెట్టుకి కొనుక్కోవడం మొదలుపెడితే, కొనలేని ఆడవాళ్ళు మళ్ళీ బయటే ఉంటారు. మూడో వీధి నుంచి మీరు వెళ్తారు. కూలికెళ్ళి సాయంత్రం వచ్చే ఆమె, ఇద్దరు పిల్లలతో, 90 రూపాయలు పెట్టి వెళ్తుందా?

మూడో వీధి
సోమవారం, సాయంత్రం 6:05

వెళ్ళదు. నిజమే. కానీ ఇప్పుడు ఉచితంగా ఉన్నా వెళ్ళడం లేదు. ఊరు చెయ్యాలి అంటున్నారు, నాకు పెళ్ళయి వచ్చిన పద్దెనిమిదేళ్ళ నుంచి ఊరు చెయ్యలేదు. ఇంకెన్నాళ్ళు ఆగమంటారు?

జాలరిపేట
సోమవారం, రాత్రి 8:40

వేట నుంచి ఇప్పుడే వచ్చాను. మా పేట సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తున్నా.

రేవు మీకు సాయంత్రం, మాకు తెల్లారి. పడవలు కట్టేది అక్కడే, వలలు ఆరేసేది ఆ గట్టు వాలులోనే. కంచె వేస్తే పడవలు ఎక్కడ కట్టుకోవాలి? స్పీడు బోటు తిరిగితే దాని అలకి నాటు పడవ ఊగిపోతుంది, వేసిన వల ఫ్యానుకి చుట్టుకుంటుంది. పులస కాలంలో ఒక వల తెగితే ఎంత పోతుందో మాకు తెలుసు.

ఇంకో మాట. కచ్చులూరు ఎవరం మర్చిపోలేదు. 2019 సెప్టెంబరు 15, ఏట్లో వరదుంది, పాపికొండలు చూడ్డానికి బోటెక్కిన వాళ్ళు డెబ్బైమందికి పైనే. అందరికీ జాకెట్లు లేక కాదు, తొడుక్కోనివాళ్ళూ ఉన్నారు. ఆ మలుపులో సుడి ఎలా తిరుగుతుందో తెలిసినవాడు ఆ రోజు అటు వెళ్ళడు. మునిగిన బోటుని పైకి తియ్యడానికి నెల పైన పట్టింది. తీసింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. పెద్ద చదువు సంగతి కాదు, నీళ్ళతో పెరిగిన మనుషులు. దానికి ముందటేడు, 2018 జులైలో, పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇంటికెళ్ళే పిల్లల నాటు పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. వాళ్ళు షికారుకి కూడా వెళ్ళలేదు. ఇంటికి వెళ్తున్నారు.

నేను బోట్లు వద్దని అనను. బోటు ఎవరి చేతిలో ఉందన్నదే నా బాధ. బయటి కాంట్రాక్టరు తెచ్చే డ్రైవరుకి మన గ్రోయిన్ (గట్టు నుంచి ఏట్లోకి కట్టిన రాతికట్ట) ముక్కు దగ్గర రెండు నిలువుల గొయ్యి ఉందని తెలుసా? ఎండాకాలం ఇసక తవ్విన చోట మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగిపోతుందని తెలుసా? తిప్పాలనుకుంటే మత్స్యకార సంఘానికి ఇవ్వండి. నాలుగు తెడ్డు పడవలు, మోటారు లేకుండా, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, పొద్దుగూకే ముందు గంటన్నర. లంక చుట్టూ తిప్పి తెస్తాం. లైసెన్సు, జాకెట్లు మా పూచీ. జాకెట్టు వేసుకోనివాణ్ణి ఎక్కించం, ఎమ్మెల్యే గారి చుట్టమైనా సరే.

సెలవుకొచ్చినవాడు
సోమవారం, రాత్రి 9:15

బాబాయ్, ఇది బావుంది. నిజంగా బావుంది. స్పీడు బోట్ల మీద నా పట్టు వదిలేస్తున్నా. తెడ్డు పడవలైతే మా హైదరాబాదు స్నేహితులు ఇంకా ఇష్టపడతారు.

కానీ డబ్బు మాట దాటెయ్యకండి. దీపాల కరెంటు, మరుగుదొడ్డి శుభ్రం చేసే మనిషి, సాయంత్రం కాపలా ఇద్దరు. పడవల మీద వచ్చేది పడవలకే సరిపోతుంది. ఇంటి పన్నే సగం మంది కట్టని పంచాయతీ ఇవి ఎన్నాళ్ళు నడుపుతుంది? మొదటి మూడు నెలలు వెలుగుతాయి, నాలుగో నెల బల్బు పోతుంది, ఆరో నెలకి తాళం వేసిన మరుగుదొడ్డి. బస్టాండులో ఉన్నదాన్ని చూడండి. పది రూపాయలైనా పెట్టండి. ఉచితంగా ఉండాలని పట్టుబట్టినవాళ్ళు ఆరో నెలలో ఇక్కడికొచ్చి జవాబు చెప్పాలి.

పక్కూరి పీఈటీ
సోమవారం, రాత్రి 10:30

నేను పక్క ఊరి హైస్కూల్లో ఆటల మాస్టారిని. మీ ఊరి పిల్లలు చాలామంది నా దగ్గరే చదువుతారు కాబట్టి కలగజేసుకుంటున్నాను.

మీరంతా ఒడ్డు గురించి మాట్లాడుతున్నారు. నాకు నీళ్ళలో దిగేవాళ్ళ గురించి దిగులు. మన డెల్టాలో ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది, ఎవరూ తప్పు చెయ్యకుండానే పిల్లల ప్రాణాల మీదికి వస్తోంది. కాలవలకి ఏప్రిల్ మధ్యకి అటూ ఇటూగా నీళ్ళు కట్టేస్తారు. రెండో పంట కోతకొస్తుంది, లాకులు, గట్లు మరమ్మతు చేసుకోవాలి, మళ్ళీ జూన్‌లో వదులుతారు. బడికి సెలవులు సరిగ్గా అప్పుడే. ఏడాదంతా ఇంటి ముందు నడుంలోతు కాలవ పారుతున్నప్పుడు పిల్లాడు బళ్ళో ఉంటాడు. సెలవులిచ్చి, ఎండ మండి, ఒళ్ళు నీళ్ళడిగే రోజున కాలవలో బురద తప్ప ఏమీ ఉండదు. వాడు ఏటికి పోతాడు. జాలరిపేట ఆయన చెప్పిన ఇసక గోతులున్న ఏటికి.

మా తరం కాలవలోనే ఈత నేర్చింది. రెండు ఎండు కొబ్బరికాయలు పీచు లేవదీసి జత కట్టి చంకల కింద పెట్టేవాళ్ళు, లేకపోతే అరటిబోదె. మావయ్యో పెద్దన్నో పక్కన ఉండేవాడు. నాలుగు రోజులకి ఒక కొబ్బరికాయ తీసేసేవాళ్ళు. ఇప్పుడు మావయ్యలు దుబాయిలో, హైదరాబాదులో. తల్లులకి ఈత రాదు, కాబట్టి నీళ్ళంటే వద్దనడమే తెలుసు. వద్దన్నదాన్ని పిల్లాడు దొంగతనంగా చేస్తాడు. దొంగతనంగా దిగినవాడికి తోడు ఇంకో ఈత రాని పిల్లాడే.

రెండేళ్ళ కిందట వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచిన రోజు హాజరు పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగాను. తరగతంతా తల దించుకుంది. సెలవుల్లో నాకెవరూ చెప్పలేదు. మంచి కబడ్డీ ఆటగాడు. ఎనిమిదో తరగతి.

మీరు రేవుకి ఏం పెట్టినా, పెట్టకపోయినా, మొదట నవంబరు నుంచి మార్చి దాకా కాలవలో ఈత నేర్పండి. ఆదివారాలు చాలు. నేను వస్తాను. జీతం అక్కర్లేదు. ఇద్దరు నీళ్ళు తెలిసిన మనుషులు తోడుంటే పదిమంది పిల్లల చొప్పున నేర్పగలను.

బజ్జీల బండి
సోమవారం, రాత్రి 10:48

మాస్టారూ, ఆ పిల్లాడు మా బండి దగ్గరికే వచ్చేవాడు. మసాలాలో ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమనేవాడు.

విశ్రాంత లస్కరు
మంగళవారం, ఉదయం 6:15

మాస్టారి మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. కాలవ కట్టేసే రోజున షట్టరు దింపినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మేం చేపలు పట్టుకునే పండగలా చూసేవాళ్ళం, కాలవ ఇంకిపోతుంటే ఊరంతా బుట్టలతో దిగేది. పిల్లలు ఏటికి పోతారని తట్టలేదు.

కాలవ గురించి కొంత చెప్తాను. ఇది పొలాలకి నీళ్ళివ్వడానికి మాత్రమే తవ్వింది కాదు. కాటన్ దొర 1847 లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 కి పూర్తిచేసినప్పుడే కాలవలు పడవలకి కూడా పనికొచ్చేట్టు వేశాడు. లాకులు అందుకే. నా చిన్నతనంలో ధాన్యం పడవలు, కొబ్బరి పడవలు చూశాను. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. పడవ లాకులో దిగుతుంటే చూడటం మాకు సినిమా కింద లెక్క. నీళ్ళు మెల్లగా తగ్గుతాయి, పడవ మెల్లగా కిందికి పోతుంది, పడవలో ఉన్నవాడు మనతో మాట్లాడుతూనే కనుమరుగవుతాడు. మన లాకు తలుపులు ఇప్పుడు కదలవు. ఆ అరుగులు మాత్రం గట్టిగా ఉన్నాయి. నీడ ఉంది, లోతు తెలుసు, ఊరి మధ్యలో ఉంది కాబట్టి ఆడవాళ్ళకి భయం తక్కువ. అందరూ ఏటి వైపే చూస్తున్నారు. కాస్త కాలవ వైపు కూడా చూడండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి, ఆ నీళ్ళే మంచినీళ్ళ చెరువుకి పోతాయి. మోటారు బోటు, సబ్బు, ప్లాస్టిక్కు అందులో పడకూడదు.

మూడో వీధి
మంగళవారం, మధ్యాహ్నం 1:50

లాకు అరుగుల మాట బావుంది తాతగారూ. అక్కడైతే మా అత్తగారు కూడా లేసు పట్టుకుని వచ్చేస్తారు.

నేను నిన్న రాసినదాంట్లో ఒకటి మార్చుకుంటున్నాను. టిక్కెట్టు కడతానన్నాను. నాకు కావలసింది టిక్కెట్టు కాదు, అక్కడ ఒక బాధ్యత గల మనిషి ఉండటం. ఆ మనిషి జీతానికి డబ్బు ఎలా వస్తుందని తమ్ముడు అడిగాడు, మంచి ప్రశ్నే. బయటి నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళ దగ్గర బండికింత అని తీసుకోండి. పడవ ఎక్కేవాళ్ళ దగ్గర తీసుకోండి. కొట్ల దగ్గర అద్దె తీసుకోండి, బజ్జీల బండిని మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి. నడిచొచ్చి మెట్ల మీద కూచునే మనిషి దగ్గర తీసుకోకండి. కాపలా ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అవ్వాలి. ఇది మాత్రం గ్రామసభలో నేనే లేచి అడుగుతాను.

సెలవుకొచ్చినవాడు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

అక్కా, బండికి డబ్బు పెడితే బండి వంతెన కింద పెట్టి నడిచొస్తారు. రాసి పెట్టుకోండి. నేను ఇంకా పది రూపాయల మీదే ఉన్నాను. కాకపోతే కాంట్రాక్టరు గేటు కాదు, పంచాయతీ రసీదు. వసూలెంతో ఖర్చెంతో ప్రతి నెలా రేవులో బోర్డు మీద రాయాలి. పిల్లలకీ, అరవై దాటినవాళ్ళకీ వద్దు.

గట్టు దిగువ ఇల్లు
మంగళవారం, సాయంత్రం 6:40

తమ్ముడూ, ఈ ఒక్క దగ్గరా మనం కలవం. పది రూపాయలైనా సరే, మెట్టు దిగడానికి రసీదు అడిగిన రోజున అది వేరే చోటవుతుంది. కానీ నీ లెక్క తప్పని నేను అనలేను. అందుకే ఈ రెండూ గ్రామసభలో పెడదాం, ఊరు తేల్చుకుంటుంది. మిగతావాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి వినతిపత్రంలో రాసేశాను. గట్టు మీద తవ్వకం, కంచె వద్దు. మెట్ల మీద దీపాలు, గడియపడే మరుగుదొడ్డి. పడవలు తిప్పితే మత్స్యకార సంఘమే, తెడ్డు పడవలే. లాకు అరుగులు బాగుచెయ్యాలి. కాపలాకి ఒక ఆడమనిషి. సంతకాలకి కాగితం రేపట్నుంచి బజ్జీల బండి దగ్గర ఉంటుంది, ఆయన ఒప్పుకున్నాడు.

ఈత మాట అందులో రాయలేదు. దానికి గ్రామసభ దాకా ఆగడం ఎందుకనిపించింది.

జాలరిపేట
మంగళవారం, రాత్రి 8:10

ఆదివారం పొద్దున్న నేను వస్తాను మాస్టారూ, మా బావమరిదిని కూడా తెస్తాను. మా పెరట్లో గెల కొట్టేసిన అరటి చెట్లు ఉన్నాయి. ఆరు బోదెలు కోసి పెడతాను.

మూడో వీధి
మంగళవారం, రాత్రి 8:35

మా అమ్మాయిని పంపుతాను. తొమ్మిదో తరగతి. ఆడపిల్లలు ఇంకెవరైనా వస్తారేమో కనుక్కుంటాను, ఒక్కతే అయితే సిగ్గుపడుతుంది.

ఇంకో మాట అడగాలని ఉంది. నాకు నలభై రెండు. చిన్నప్పటి నుంచి గోదారి ఒడ్డునే ఉన్నా మెడదాకా ఎప్పుడూ దిగలేదు. నేను కూడా రావచ్చా?

జాలరిపేట
మంగళవారం, రాత్రి 8:41

రండి అక్కా. మా ఇంటిదానికి ఈత బాగా వచ్చు, మీ దగ్గర ఆవిడే ఉంటుంది. ఎనిమిది బోదెలు కోస్తాను.

విశ్రాంత లస్కరు
బుధవారం, ఉదయం 6:05

లాకు దగ్గర దిగకండి, అక్కడ నీరు కిందికి లాగుతుంది. లాకు దాటి దిగువకి నడవండి. రెండో ఒంపు తర్వాత చాకిరేవు ఉంది, అడుగు గట్టిది, నడుంలోతు. వంతు నీరు శనివారం రాత్రి పెంచుతారేమో, పొద్దున్నే నేను గేజి చూసి ఫోను చేస్తాను. ఎనిమిదిన్నర లోపు ముగించండి, తర్వాత పశువుల్ని కడగడానికి తెస్తారు.